కంచుయుగం గదిలో కూర్చున్న కుక్క

కుక్కకి తన పేరు ఇచ్చేసింది కాబట్టి కంచక్క వెళ్ళిపోయిందా, వెళ్ళిపోవాలని ముందే అనుకుని పేరు ఇచ్చిందా? ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా నేను ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాను. రెండూ ఒకటే కదా అంటారు మా ఇంట్లోవాళ్ళు. నాకలా అనిపించదు. మొదటిది మర్యాద, రెండోది నిర్ణయం. ఆవిడలో రెండూ ఉండేవి. ఏది ముందు నడిచిందో ఇంత వయసొచ్చినా నాకు తేలలేదు.

మా మ్యూజియం పెద్దదేమీ కాదు. ఒకప్పుడు ఉన్ని నిలవచేసిన గిడ్డంగి అట. ఎండలు ముదిరితే గోడలు ఇంకా గొర్రెల వాసన వేసేవి. కింద వరసగా మూడు గదులు. మొదటిది రాతియుగం, నడిమిది కంచుయుగం, చివరిది ఇనుపయుగం. వచ్చినవాళ్ళు వీధి గుమ్మంలో అడుగుపెట్టి రాళ్ళు చూసి, కంచు చూసి, ఇనుము చూసి పెరటి తలుపులోంచి బయటపడాలి. మనిషి వేల ఏళ్ళు పడుతూ లేస్తూ నడిచిన దారిని బడిపిల్లలు టీ చల్లారేలోగా తెమిల్చేసేవాళ్ళు. పై అంతస్తులో చదువుకునే గది. అది నాది.

మాలో ఎవరికీ సొంత పేర్లు వాడుకలో ఉండేవి కావు. కొత్తగా పనిలో చేరినవాళ్ళని మొదటిరోజు అన్ని గదులూ తిప్పేవాళ్ళం. కూర్చోమని ఎవరూ అనరు. తిరిగి తిరిగి కాళ్ళు పీకి, వాళ్ళంతట వాళ్ళు ఎక్కడ కూలబడితే అదే వాళ్ళ గది. ఆ గది పేరే వాళ్ళ పేరు. మనిషి అవసరమైన గదిలోనే ఖాళీ కుర్చీ వేసి ఉంచేవాళ్ళమనుకోండి, అది వేరే సంగతి. నేను మెట్లెక్కి పైన కూర్చున్నాను కాబట్టి ‘చదువు’నయ్యాను. మొదటి గదిలో ఉండే భారీమనిషి రాయి, మాకు రాయన్న. చివరి గదిలో చేరిన సన్నటి అమ్మాయి ఇనప్పిల్ల. నడిమి గది ఆవిడ కంచు. ఈడువాడు కనక రాయన్న ‘కంచూ’ అని పిలిచేవాడు. మేం చిన్నవాళ్ళం కంచక్కా అనేవాళ్ళం.

దీనికి ఇంకో నియమం కూడా ఉంది. ఒక గదికి ఒకే మనిషి, ఒక పేరుకి ఒకే మనిషి. పేరు ఎవరికైనా ఇచ్చేస్తే ఇచ్చినవాళ్ళు మళ్ళీ అక్కడ కూర్చోకూడదు. కంచక్కకి ముందు ఆ గదిలో ఉన్న ముసలాయన, కంచు తాత, ఒకరోజు టీ తాగి గ్లాసు బోర్లించి, “ఇవాళ్టి నుంచి కంచంటే నువ్వేనమ్మా” అన్నాడట. మర్నాటినుంచి రాలేదట. “చెప్పిపోతే ఆగమంటారని భయమేమో,” అనేది కంచక్క ఆ సంగతి చెప్పినప్పుడల్లా. అంతకుమించి ఏమీ అనేది కాదు.

ఆవిడ ఉదయం అందరికంటే ముందు వచ్చేది. పక్కతలుపు దగ్గర చెప్పులు విడిచి, మెత్తటి అడుగులున్న గుడ్డబూట్లు తొడుక్కునేది. వెనిగర్‌లో తడిపిన పాత పేపరుతో అద్దాల పెట్టెలు తుడిచేది. బల్లేలమొనలు, గాజులు, మూతలేని చిన్న పాత్రలు, అన్నిటికంటే చివర చేతి అద్దం. గుండ్రటి కంచు అద్దం, పిడి విరిగింది, ముఖం చూసుకునే వైపు పూర్తిగా పచ్చబడిపోయింది. పిల్లలు దాని ముందే ఎక్కువసేపు ఆగేవాళ్ళు.

“ఇందులో మొహం కనిపించేదా?” అని అడిగేవాళ్ళు.

“ఏమోనమ్మా, నేనప్పుడు డ్యూటీలో లేను.”

ఏది అడిగినా ఇదే జవాబు. పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ తరవాత ఆవిడ తనకి తోచింది చెప్పేది. ఈ అద్దం గలావిడకి ఒక చెల్లెలుండేదనీ, అద్దం కోసం ఇద్దరూ పోట్లాడుకుంటేనే పిడి విరిగిందనీ. ఒక్కో గుంపుకి ఒక్కో కథ. పెట్టె పక్కన పలకమీద రాసినదానికీ ఆవిడ చెప్పినదానికీ పొంతన ఉండేది కాదు. ఒక టీచరు ఈ సంగతి పెద్దసారుకి, అంటే మా మ్యూజియం అధికారికి, ఫిర్యాదు చేసింది. పెద్దసారు మెత్తటి మనిషి. కళ్ళద్దాలు నుదుటిమీద పెట్టుకుని బల్లంతా వెతికే రకం. “కొంచెం తక్కువ చెప్పండమ్మా,” అన్నారు. “అలాగేనండీ,” అని కంచక్క ఆ వారమంతా చెల్లెల్ని మానేసి వదినతో సరిపెట్టింది.

ఆ పెద్దసారే ఒకరోజు మమ్మల్నందరినీ మెట్లకింద టీ గదిలోకి పిలిచారు. కంచుయుగం వస్తువులన్నీ పెద్ద నగరంలో కొత్తగా కట్టిన మ్యూజియానికి వెళ్ళిపోతాయనీ, నడిమి గదిలో టీ దుకాణం, బొమ్మకార్డుల దుకాణం పెడతారనీ చెప్పారు. చెబుతున్నంతసేపూ కంచక్క వైపు చూడలేదు.

“మీకు ఇబ్బందేమీ లేదమ్మా. గుమ్మం పక్కన గొడుగుల గది ఉంది కదా. వచ్చినవాళ్ళ గొడుగులూ సంచులూ తీసుకోవడం, ఇవ్వడం. కూర్చుని చేసే పనే. ఆలోచించి చెప్పండి.”

“అలాగేనండీ,” అంది కంచక్క.

ఆయన వెళ్ళాక రాయన్న తేలిక చేద్దామనుకున్నాడు. “ఇకనుంచి గొడుగక్క అన్నమాట.”

ఎవరూ నవ్వలేదు. రాయన్న తన గ్లాసులోకి చూసుకుంటూ కూర్చున్నాడు.

కుక్క వచ్చింది ఆ వారంలోనే. పొద్దున్నుంచీ వాన. చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ లేరు. కాళ్ళు తుడుచుకునే పట్టా దులపడానికని వీధి తలుపు ఓరగా తీసి ఉంచారు. తేనెరంగు కుక్క, పిల్లా కాదు పెద్దదీ కాదు, ఒక చెవి నిక్కి ఇంకోటి వాలి ఉంది. తలుపులోంచి వచ్చి, రాతియుగం గదంతా తడి అడుగులు వేస్తూ, స్టూలుమీద కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్న రాయన్న ముందునుంచే నడిచి, నడిమి గదిలోకి వచ్చి, చేతి అద్దం ఉన్న పెట్టె కింద కూర్చుంది. కంచక్క దాన్ని చూసింది. అది కంచక్కని చూసింది. ఆవిడ లేచి, తుడిచే గుడ్డతో దాని వీపు అద్ది, మళ్ళీ వచ్చి కూర్చుంది. అటు చివరి గది గుమ్మంలోంచి ఇనప్పిల్లా, మెట్లమీంచి నేనూ ఇదంతా చూశాం.

సాయంత్రానికి పెద్దసారు కుక్కని ఉంచుకోవడానికి ఒప్పుకున్నారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పారు. మెడలో పేరుబిళ్ళ లేని కుక్కల్ని పట్టుకుపోయే బండి మా వీధిలో తిరుగుతోంది. “వచ్చే వారంలోగా దానికో పేరుండాలి. లేకపోతే నేను అడ్డుపడలేను.”

మర్నాడు టీ గదిలో పంచాయితీ మొదలైంది.

“ఇది రాతియుగంలోంచి వచ్చింది,” అన్నాడు రాయన్న. “నిప్పు పుట్టించింది మేమే. చెకుముకి అని పెడదాం. పిలవడానికి కూడా బావుంటుంది.”

“నీ గదిలోంచి రానిదెవరు రాయన్నా? గుమ్మమే అక్కడుంది,” అంది ఇనప్పిల్ల.

“నువ్వేం పెడతావు? గొడ్డలా? సుత్తా?”

“ముందు చదువుని అడుగు. అన్ని పుస్తకాలున్నాయి, ఒక్క పేరుండదా?”

నేను పైనుంచి నాలుగైదు పేర్లు మోసుకొచ్చాను. పాతకాలపు రాజులవి, రాణులవి, పూడిపోయిన పట్నాలవి. రాయన్న ఓపిగ్గా విన్నాడు. “బావున్నాయి చదువూ. కానీ ఆ పేరు మనం సగం పిలిచేసరికి కుక్క వీధి దాటిపోతుంది.”

మూల కూర్చున్న కంచక్క టీ ఊదుకుంటూ అంది: “ఎందుకీ తిప్పలు? అది ఎక్కడ కూర్చుంది?”

ఎక్కడ కూర్చుందో అందరికీ తెలుసు.

“అది కూర్చోలేదు,” అన్నాడు రాయన్న. “కాళ్ళు తడిగా ఉన్నాయి కదా, జారింది. జారితే కూర్చున్నట్టు లెక్క కాదు.”

“నువ్వు చూశావా?”

“చూశాను.”

“కళ్ళు మూసుకునా?”

ఈసారి అందరం నవ్వాం, కంచక్క కూడా. కానీ రాయన్న పట్టు విడవలేదు. ఇనప్పిల్ల కూడా, అంతసేపూ అతనితో వాదించిన పిల్ల, ఉన్నట్టుండి అటు తిరిగిపోయింది. “అవును అక్కా, జారింది. నేనూ చూశాను,” అంది.

తరవాత మెట్లమీద నన్ను ఆపి అసలు సంగతి చెప్పింది. “అక్క గొడుగుల గదికి ఒప్పుకోవాలంటే కంచక్కగానే వెళ్ళాలి చదువూ. గది పోయినా పేరుంటే ఉండిపోతుంది. కుక్క ఆ పేరు తీసుకుందంటే ఇంక ఆవిడకి ఇక్కడ మిగిలేదేముంది?” ఆ పిల్లకి నోట్లో నువ్వుగింజ నానదని పేరు. ఆ మాట చెప్పడానికి మాత్రం చాలాసేపు వెతుక్కుంది. రోజంతా నిలబడితే కాళ్ళు వాచకుండా ఒంటి బరువు ఎలా మార్చుకోవాలో దానికి నేర్పింది కంచక్కే. చలికాలంలో తన గుడ్డబూట్లు దానికిచ్చి, తను రెండు జతల మేజోళ్ళతో నడిచింది కూడా.

అలా మేం ముగ్గురం ఒక మాటమీదికొచ్చి కుక్కని చెకుముకి చేసే పనిలో పడ్డాం. రాయన్న ఇంటినుంచి బిస్కెట్లు తెచ్చేవాడు. గది ఈ చివర నిలబడి, “చెకుముకీ, దా, దా,” అనేవాడు. కుక్క తల తిప్పి ఆయన వెనకున్న గోడని చూసేది, అక్కడెవరో ఉన్నారేమో అన్నట్టు. ఇనప్పిల్ల పిలిచేది. నేను మెట్లమీంచి పిలిచేవాణ్ణి. బిస్కెట్టు ఎవరిచ్చినా తినేది, మొహమాటం లేదు. తిన్నాక మాత్రం తిన్నగా వెళ్ళి పెట్టె కింద కూర్చునేది.

“దానికి ఆ పేరు నచ్చకపోలేదు,” అంది కంచక్క మా అవస్థ చూసి. “ఆ పేరు ఎవరిదో దానికి తెలీడంలేదు, అంతే.”

మధ్యలో ఒకరోజు ఆవిడ పనికి రాలేదు. జ్వరమని కబురొచ్చింది. సాయంత్రం చూడ్డానికి వెళ్ళాను. చెప్పులు కుట్టే కొట్టు పైన రెండు గదులు. మెట్లెక్కుతుంటే జిగురువాసన కూడా మనతో ఎక్కేది. కంచక్కా, వాళ్ళక్కా ఇద్దరే. కంచక్క భర్త బస్సు నడిపేవాడట, పోయి చాలా కాలమైంది. పెద్దావిడ కిటికీ పక్కన చొక్కాలకి గుండీలు కుడుతోంది. చెవులు సరిగా వినపడవు, అందుకని తనే మాట్లాడుతుంది.

“నువ్వేనా చదువు? కూర్చో నాయనా. ఆ గుండీల డబ్బా జరుపు. మా చిన్నది మీ దగ్గర కంచు అట కదా. ఇంట్లో నేను పొరపాటున ఆ పేరుతో పిలిస్తే పలకదు. అది డ్యూటీలో పేరంటుంది.”

పక్కగదిలోంచి కంచక్క దగ్గి, “ఏదో ఒకటి చెప్పకపోతే ఊరుకోదు,” అంది.

“ఏమంటోంది?” అంది పెద్దావిడ.

“మీరు బాగా కుడతారంటున్నారు,” అన్నాను గట్టిగా.

“అది ఆ మాట అనదు,” అని ఆవిడ దారం కొరికింది. “కుక్కని తీసుకొస్తానంది నాయనా. ఎక్కడ పెట్టను? మేమిద్దరం ఒకేసారి పక్కకి తిరిగితే గోడ తగులుతుంది. అక్కడే ఉంచు, అక్కడైతే చల్లటి నేలుంది అన్నాను. ఆలోచిస్తానంది. ఈ మధ్య అన్నిటికీ ఆలోచిస్తాననే అంటోంది.”

లోపలికి వెళ్ళాను. కంచక్క మెడదాకా దుప్పటి కప్పుకుని ఉంది. గుడ్డబూట్లు ఉతికి కిటికీలో ఆరేసి ఉన్నాయి. గొడుగుల గది గురించి నేనే ఎత్తాను.

“నాకేం చిన్నతనం లేదు తమ్ముడూ,” అంది. “గొడుగులు మంచివే. పెట్టినచోట ఉంటాయి. కానీ అక్కడ ఎవరూ ఆగరు. ఇస్తారు, పుచ్చుకుంటారు. ఇందులో మొహం కనిపించేదా అని అడిగేవాళ్ళుండరు.” కొంచెంసేపు కళ్ళు మూసుకుంది. “నేనుంటే మీరంతా నాకోసం ఆ గదిని తలుచుకుంటూ ఉంటారు. ఆ దుకాణంలో టీ తాగడానికి వెళ్ళినప్పుడల్లా, ఇక్కడ అద్దం ఉండేది, అక్కడ అక్క స్టూలుండేది అనుకుంటూ. అది నాకు ఇబ్బంది.”

“లేకపోతే తలుచుకోమా?”

“లేనిదాన్ని తలుచుకోవడం తేలిక,” అంది. “మంచినీళ్ళు ఆ పక్కనున్నాయి, ఇలా అందుకో.”

నీళ్ళిచ్చాను. ఆ తరవాత వాన గురించి మాట్లాడుకున్నాం.

సామాన్లు సర్దేవాళ్ళు వచ్చిన రోజుకి ఆవిడ కోలుకుని వచ్చింది. చెక్కపెట్టెలు, రంపపుపొట్టు, మెత్తటి కాగితం. ప్రతి వస్తువునీ ఆవిడే అద్దాల పెట్టెలోంచి తీసి వాళ్ళ చేతికిచ్చింది. అలా ఇవ్వాలని ఎవరూ చెప్పలేదు, ఇవ్వొద్దనీ ఎవరూ అనలేదు. చేతి అద్దం చివర మిగిలింది. దాన్ని పెట్టె గాజు వెనకాల తప్ప ఇన్నేళ్ళుగా ఆవిడ చూడలేదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఇనప్పిల్ల పక్కకొచ్చి మెల్లగా అడిగింది.

“ఏమైనా కనిపిస్తోందా అక్కా?”

“పచ్చగా ఉంది,” అంది కంచక్క. కాగితంలో చుట్టి ఇచ్చేసింది.

సాయంత్రానికి గది ఖాళీ అయింది. గోడలమీద పెట్టెలున్నచోట్ల సున్నం తెల్లగా మెరుస్తోంది. స్టూలుండే కిటికీ దగ్గర నేలమీద రంగు అరిగి ఒక మరక. కుక్క ఎప్పటి చోటనే కూర్చుంది, ఇప్పుడు దాని మీద పెట్టె లేదు, అంతే తేడా. పేరుబిళ్ళకి పెద్దసారు ఇచ్చిన గడువు కూడా ఆ రోజుతో సరి. రాయన్న బిళ్ళమీద ‘చెకుముకి’ అని కొట్టించుకొస్తానన్నాడు. “మీకెందుకు శ్రమ, నా దారిలోనే కదా తాళంచెవుల కొట్టు,” అంది కంచక్క.

నియమం తెలిసినవాళ్ళం, మాకు అప్పుడే తట్టాలి. తట్టలేదు. ఆవిడ అంత మామూలుగా చెప్పింది.

మర్నాడు నేను వచ్చేసరికి కుక్క మెడలో బిళ్ళ ఉంది. తోలుపట్టీ కొత్తది, కుట్లు నీటుగా ఉన్నాయి, గుండీలు కుట్టే చేతివాటం. ఇత్తడి బిళ్ళ రాత కనిపించకుండా వెనక్కి తిరిగి ఉంది. కంచక్క టీ గదిలో అందరికీ టీ పోస్తోంది. మామూలుగానే మాట్లాడింది. కొత్త దుకాణంలో టీ ఎలా ఉంటుందో, ఇక్కడి టీ కంటే నయంగా ఉండకపోతే వాళ్ళ మొహాన కొడతానంది. “గొడుగుల గదిలోంచి వచ్చి కొడతావా?” అన్నాడు రాయన్న. “ఎక్కణ్ణుంచి వస్తే ఏం, కొట్టడం ముఖ్యం,” అంది. రాయన్న ఆ మాటకి ఎంత సంతోషించాడో. ఉంటుందనే అనుకున్నాడు. మేమందరం అలాగే అనుకున్నాం.

టీ అయ్యాక ఆవిడ తన గ్లాసు కడిగి బోర్లించింది. పొద్దుటి మొదటి గుంపు వస్తోందని రాయన్న తన గదికి వెళ్ళాడు. ఇనప్పిల్ల తన గది కిటికీలు తెరవడానికి వెళ్ళింది. నేను పైకి వెళ్ళాను. చదువుకునే గది కిటికీలోంచి పెరటి తలుపు కనిపిస్తుంది. పనివాళ్ళం ఎవరమూ అటు రాకపోకలు చేసేవాళ్ళం కాదు, మాకు పక్కతలుపు. చూడవచ్చినవాళ్ళే అన్ని యుగాలూ దాటుకుని అటు బయటపడతారు.

కంచక్క ఆ తలుపులోంచి వచ్చింది. కాళ్ళకి బయటి చెప్పులున్నాయి, చేతిలో సంచి, చంకలో గొడుగు. వాన లేదు. మెట్టుమీద ఒక క్షణం నిలబడి ఎండకి కళ్ళు చిట్లించింది. ఎవరో ఏదో అడిగితే జవాబు వెతుక్కుంటున్నట్టు తల కొంచెం పక్కకి వంచింది. తరవాత వీధిలోకి దిగి, చేపల బజారు వైపు తిరిగి, మనుషుల్లో కలిసిపోయింది. వెనక్కి చూడలేదు. కిటికీ తెరిచి పిలవచ్చు. ఏ పేరుతో పిలవాలో తెలియలేదు.

నేను కిందికి దిగేసరికి ఇనప్పిల్ల ఖాళీ గది మధ్యలో నిలబడి ఉంది. కిటికీ కింద గుడ్డబూట్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి, ఇనప్పిల్ల పాదాల కొలతకి లోపల కొత్త మేజోళ్ళు కుక్కి.

రాయన్నకి ఇంకా తెలియదు. ఆయన గదిలో బడిపిల్లలెవరో ఏదో అడిగినట్టున్నారు. ఆ మాట ఆవిడకి కూడా చెప్పి నవ్వించాలనిపించిందేమో, అక్కణ్ణుంచే మామూలుగా పిలిచాడు:

“కంచూ, ఒకసారి ఇలా రా.”

కిటికీ దగ్గర మరకమీద పడుకున్న కుక్క లేచి, ఒళ్ళు విదిలించుకుని, బిళ్ళ గలగలలాడించుకుంటూ అటు వెళ్ళింది.